నాన్న చూడని పుంజు

ఆ రోజుల్లో మా ఊళ్లో ఆడపిల్లకు భయం ఉండడం ఒక సుగుణం కింద జమ. 'మీ చిన్నమ్మాయికి భయం భక్తీ ఉన్నాయండీ' అని ఎవరైనా అంటే అమ్మ మురిసిపోయేది. భక్తి సంగతి చెప్పలేను గాని, భయం మాత్రం నా దగ్గర పుష్కలంగా ఉండేది. ఉరిమితే భయం. కాలవ గట్టు మీద గేదె ఎదురొస్తే భయం. నాన్న దగ్గు వినిపిస్తే మరీ భయం (ఆయన ఏ గదిలోకి వచ్చినా ముందు గుమ్మం బయట ఒకసారి దగ్గేవారు, లోపలివాళ్లు సర్దుకోవడానికి). పెద్దవాళ్ల ముందు పైకి నవ్వాలంటే కూడా భయమే. నవ్వొస్తే ఓణీ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తేదాన్ని. ఇన్ని భయాల పైన, అన్నిటికీ అధికారిగా, మా పెరట్లో ఒకటి రెండు కాళ్ల మీద తిరుగుతుండేది. అది ఒక ఎర్ర పుంజు. దాన్ని మా ఇంట్లో తాసీల్దారు అనేవాళ్లం.

ఆ పేరు నాన్న పెట్టినదే. దాని ముత్తాతగారు సర్కారు వారి పుంజు కావడం ఒక కారణం. రోజూ పొద్దున్నే అది మెడ నిక్కించి, అడుగులో అడుగు వేసుకుంటూ పెరడంతా తనిఖీ చేసి రావడం రెండో కారణం. దాని లెక్కలో ఆ పెరట్లో మేమంతా ఆక్రమణదారులం. వెనకనుంచి వచ్చి ఎగిరి రెండు కాళ్లతో తన్నేది. దాని కాలి ముల్లు నా చిటికెన వేలంత ఉండేది. అమ్మ పొయ్యి గొట్టం చేతిలో లేకుండా నూతి దగ్గరికి వెళ్లేది కాదు. నేను చేట అడ్డం పెట్టుకుని వెళ్లేదాన్ని. నాన్న మర్యాదస్తులు గనక ఎండ లేకపోయినా గొడుగు విప్పుకుని వెళ్లేవారు. పోస్టుమాన్ మా ఉత్తరాలు పక్కింట్లో ఇచ్చిపోయేవాడు. అలాంటి పుంజును ఎవరైనా ఏనాడో కూర వండుకుని ఉండాలి. వండుకోకపోవడానికి కారణం మా మేనత్త.

అత్త ఇల్లు దివిసీమలో, సముద్రం వైపు. ఆవిడ చదువుకోలేదు గాని కోళ్ల విషయంలో ఆవిడకో సిద్ధాంతం ఉండేది. ఊరి పెట్ట చక్కగా పొదుగుతుంది, పిల్లల్ని కాపాడుకుంటుంది, కాని గుడ్లు తక్కువ పెడుతుంది. వండితే ఇంటిల్లిపాదికీ చాలదు. ఫారం తెల్లకోడి గుడ్లు పెడుతూనే ఉంటుంది గాని పొదగడం మర్చిపోయింది, కూరకు రుచీ ఉండదు. 'ఇంట్లో కోడంటే గుడ్డుకీ పనికి రావాలి, కూరకీ పనికి రావాలి, తన పిల్లల్ని తనే పెంచుకోవాలి. ఇన్ని రావాలంటే మనం ఏర్చుకోవాలే కోడలా' అనేది. పశువుల ఆసుపత్రి వాళ్లు ఊరి పుంజు ఇస్తే బదులుగా ఎర్రటి సీమపుంజు ఇస్తున్నారని తెలిసి, అందరికన్నా ముందు వెళ్లి తెచ్చుకుంది. దాన్ని ఊరి పెట్టల మధ్య వదిలి, పుట్టిన వాటిలో నుంచి ఏటా ఏరుతూ వచ్చింది. ఎక్కువ గుడ్లు పెట్టి ఓపిగ్గా పొదిగిన పెట్ట గుడ్లే మళ్లీ పొదగేసేది. బద్ధకపు పెట్టలు, వంకర కాళ్ల పుంజులు కూరలోకి పోయేవి. పాపం అనిపించినా సరే. 'జాలిపడి ఒక వంకరదాన్ని ఉంచావా, ఇంక దాని సంతానం అంతటికీ నువ్వు జాలి పడుతూ కూర్చోవాలి' అని నాకు చెప్పేది. అలా పన్నెండేళ్లు ఏరింది. (అక్క పదేళ్లంటుంది. సీమపుంజు వచ్చిన సంవత్సరం నేను ఒకటో తరగతిలో చేరాను, అక్కకి ఆ లెక్క గుర్తులేదు.) ఆ కోళ్లలోనివే ఒక పుంజుపిల్లా మూడు పెట్టలూ మా ఇంటికి పసుపు రాసిన గంపలో పంపించింది.

ఆ తర్వాతి కార్తీకంలో ఉప్పెన వచ్చింది. దాని సంగతి ఇలాంటి చోట రాయడం నాకు ఇష్టం లేదు. అత్తా మావయ్యా బడి మేడ మీదికి ఎక్కి బతికారని, తెల్లారి కిందికి చూస్తే ఇల్లన్నది ఎక్కడ ఉండేదో గుర్తుపట్టలేకపోయారని మాత్రం చెప్తాను. మా ఇంటికి వచ్చాక అత్త చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పెట్టింది తినేది, గోడ వంక చూస్తూ కూర్చునేది. గాలి కొంచెం గట్టిగా వీస్తే లేచి నిలబడేది. ఆవిడ నిలబడితే మేమందరమూ నిలబడేవాళ్లం. ఒక పొద్దున మా తాసీల్దారు అమ్మని నూతి చుట్టూ తరుముతుంటే వరండా మెట్టు మీద కూర్చున్న అత్త ఉన్నట్టుండి, 'ఇది మన చుక్కల పెట్ట కొడుకు కదే. దాని నడక చూడు, అచ్చం అదే' అంది. అమ్మ పరుగు ఆపకుండానే, 'కొడుకో కూతురో, ముందు దీన్ని పట్టుకో వదినా' అంది. అత్త నవ్వింది. అలా నవ్వుతూనే కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ పన్నెండేళ్ల పనిలో మిగిలింది మా పెరట్లో తిరుగుతున్న ఆ నాలుగు కోళ్లేనని మాకు అప్పటిదాకా తట్టలేదు.

అవి కూడా నాలుగు మిగల్లేదు. మరుసటి వేసవిలో కొక్కెర తెగులు ఊరంతా తిరిగింది. పొద్దున గింజలు తిన్న కోడి సాయంత్రానికి మెడ వాల్చేసేది. మా ఇంట్లో బతికినవి తాసీల్దారు, ఒక బూడిదరంగు పెట్ట. అప్పటికే అత్తా మావయ్యా ఇల్లు మళ్లీ నిలబెట్టుకోవడానికి దివిసీమ వెళ్లిపోయారు. 1979 మాఘంలో కబురు పంపింది: గోడలు లేచాయి, తాటాకు కప్పించాం, చైత్రంలో వస్తాను, నాకేమీ వద్దు, మన కోళ్ల పిల్లలు కావాలి, కోడల్ని చూసుకోమను. కోడలంటే నేను. ఇంటరు అయిపోయి ఇంట్లో ఉన్నాను, పదిహేడేళ్లు. బూడిద పెట్ట అప్పుడే మళ్లీ గుడ్లకు వచ్చింది. పెట్టిన గుడ్డు పెట్టినట్టు తీసి, బొగ్గుతో గుర్తు పెట్టి, ఊక పోసిన కుండలో దాచేదాన్ని. పెట్ట పొదుగుకి కూర్చునేదాకా అలా గుడ్లు పోగవ్వాలి, అందాకా తాసీల్దారు ఉండాలి. లేకపోతే ఏమవుతుందో గోడ మీదే కనపడేది. పక్కింటి పందెం పుంజు రోజూ ఆ గోడెక్కి మా పెట్ట వంక చూస్తూ ఉండేది. తాసీల్దారుకి భయపడి దిగేది కాదు. అది దిగిందంటే ఇక పుట్టే పిల్లలు ఎముకలూ కోపమూ తప్ప ఇంకేమీ ఉండనివే.

సరిగ్గా అదే మాఘంలో మా అక్క పెళ్లయింది. పెళ్లికొడుకుది బందరు. చిలకలపూడిలో వాళ్లకి రోల్డ్‌గోల్డ్ నగల పని ఉంది. పెళ్లిలో అంతా సవ్యంగా జరిగింది గాని, అప్పగింతలకు ముందు బావ వాళ్ల నాన్నగారు పెరట్లోకి చేతులు కడుక్కోవడానికి వచ్చి తాసీల్దారుని చూశారు. ఆ వేళ దాన్ని రాటకు కట్టేసి ఉంచాం. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, 'ఏమండీ బావగారూ, మనుగుడుపులకి మావాడొచ్చినప్పుడు దీన్నెక్కడా దాచెయ్యరు కదా' అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాన్న కూడా నవ్వి, 'ఎంతమాట బావగారూ. అది అల్లుడుగారిదే' అనేశారు. నేను తాంబూలాల పళ్లెం పట్టుకుని వెనకే ఉన్నాను. 

ఆ సాయంత్రమే అమ్మని అడిగాను. 'అమ్మా, తాసీల్దారుని కోసేస్తే అత్తకేం చెప్తాం?'

'మీ నాన్న చెప్తారు. ఆయన చెల్లెలు, ఆయన అల్లుడు. మధ్యలో నేనెవర్ని?'

'నువ్వు నాన్నకి చెప్పొచ్చుగా.'

'చెప్పాను. మాటిచ్చాను అన్నారు. ఇచ్చేటప్పుడు నన్నడిగారా, ఆ పుంజునడిగారా?' అని అమ్మ పొయ్యిలోకి గట్టిగా ఊదింది.

ఇక నేనే చెప్పాలి. ధైర్యం తెచ్చుకుని వరండాలోకి వెళ్లాను. నాన్న పేపరు దించి, 'ఏమ్మా?' అన్నారు. నా నోటి నుంచి 'మంచినీళ్లు కావాలా నాన్నా?' అని వచ్చింది. తెచ్చిచ్చాను. లోపలికి వెళ్లి మళ్లీ ధైర్యం తెచ్చుకుని మళ్లీ వెళ్లాను. మళ్లీ మంచినీళ్లు. మూడోసారి గ్లాసు అందుకుంటూ నాన్న నా మొహం వంక చూసి, 'నాకేమైనా జబ్బని డాక్టరుగారు మీకు చెప్పారా?' అని అడిగారు. నాలుగోసారి వెళ్లలేదు.

మనుగుడుపులకు బావ అక్కని తీసుకుని ఒక మంగళవారం సాయంత్రం గుడివాడ బస్సు దిగారు. (అక్క శుక్రవారం అంటుంది. శుక్రవారం దిగితే మర్నాడు శనివారం, మా ఇంట్లో శనివారం నీచు ముట్టరు, అప్పుడు కత్తికి పదును పెట్టే పనే లేదు. కాబట్టి మంగళవారం.) వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. ఏనుగు చెవుల్లా ఊగే బెల్‌బాటం పంటాం, చెవి కిందిదాకా దిగిన క్రాపు, నల్ల కళ్లద్దాలు, చొక్కాకి వాళ్ల సొంత కొలిమిలో చేసిన రోల్డ్‌గోల్డ్ బొత్తాలు. ఆ బొత్తాలు ఎండకు మెరిసిన మెరుపు చూసి నేను పెరటి వైపు చూశాను, ఎందుకంటే తాసీల్దారుకి మెరిసే వస్తువంటే అస్సలు పడదు. అమ్మ ఇత్తడి చెంబు తోముకుంటూ రెండుసార్లు తన్నించుకుంది. కాఫీ తాగాక బావ కాసేపు కూర్చున్నారు, లేచారు, వరండా చివరిదాకా వెళ్లి వచ్చారు, మళ్లీ కూర్చున్నారు. అక్క నా చెవిలో, 'మీ బావగారికి గాలి ఆడట్లేదటే, ఇంటి వెనకాల ఎవరూ రాని చోటేదైనా ఉందా అని అడుగుతున్నారు' అంది. నా తల నిండా పుంజే ఉంది గనక ఆ మాట నేను సరిగ్గా వినిపించుకోలేదు.

నాకు మిగిలింది ఆ ఒక్క సాయంత్రం. తెల్లారితే కత్తి. అత్త చెప్పింది గుర్తుంది: మసక చీకటి పడితే కోడికి కళ్లు కనపడవు, అప్పుడు పట్టుకుంటే ఎదురుతిరగదు. తాసీల్దారు పడుకునేది బండి నొగ మీద. నేను గోనెసంచి పట్టుకుని బండి దగ్గరికి వెళ్లాను గాని నా కాళ్లు నాకంటే వెనకే ఆగిపోయాయి. అది నొగ మీద రొమ్ము విరుచుకుని కూర్చుని ఉంది. పడుకున్నా అధికారం తగ్గలేదు. ఒక చేత్తో బండి చక్రం పట్టుకుని, కళ్లు మూసుకుని, రెండో చేత్తో గోనె దాని మీద వేసి, మీద పడ్డాను. అది ఒకే ఒక్కసారి కొట్టుకుంది. తర్వాత ఊరుకుంది. రెక్కలు అదిమి రొమ్ముకి హత్తుకున్నప్పుడు నా అరచేతి కింద ఏదో టపటప కొట్టుకోవడం తెలిసింది. నా గుండేననుకున్నాను. కాదు, దానిది. నాకంటే వేగంగా కొట్టుకుంటోంది. ఇంతకాలం ఇల్లంతా గడగడలాడించిన ఆ తాసీల్దారు నా చేతుల్లో వణుకుతోంది. నేనూ వణుకుతున్నాను. ఒకరి వణుకు ఒకరికి తెలుస్తుండగా అలాగే ఇద్దరం దొడ్డి చివర పిడకల పాక దాకా వెళ్లాం. తవుడు, నీళ్లు పెట్టి, సందుల్లో గోనెపట్టాలు కుక్కి (వెలుతురు తగిలితే కూస్తుందని), తడిక తలుపుకి కొబ్బరితాడు కట్టి వచ్చేశాను.

పొద్దున్నే నూతి గట్టు మీద నాన్న కత్తికి పదును పెడుతున్న చప్పుడు. అలాంటి చప్పుడు పళ్లలో వినిపిస్తుంది. 'పుంజేదే?' అన్నారు. 'ఎక్కడో ఏరుకుంటోందేమోనండీ' అంది అమ్మ. అప్పుడే పిడకల పాకలో నుంచి, గోనెపట్టాలన్నిటినీ దాటుకుని, ఒక కూత వచ్చింది. నాన్న చెయ్యి ఆగింది. అమ్మ నా వంక చూసింది. నేను నేల వంక చూశాను. అమ్మకి అర్థమైపోయింది.

'పక్కింటిదండీ' అంది అమ్మ.

'మనదాని గొంతులా ఉందే?'

'రోజూ వినీ వినీ అదీ నేర్చుకుని ఉంటుంది.'

నాన్నకి నమ్మకం కుదరలేదు. కత్తి పట్టుకుని వాకిట్లో వెతకడానికి వెళ్లారు. నేను గడ్డివామి చాటునుంచి పాక వైపు చూశాను. కొబ్బరితాడు ఊడి వేలాడుతోంది. తడిక లోపలినుంచి ఎవరో దగ్గరకు లాక్కున్నట్టుంది. మరుక్షణం లోపల దబ్బున ఏదో పడిన చప్పుడు, రెక్కల చప్పుడు, మగమనిషి గొంతుతో అణుచుకున్న ఒక మూలుగు. పరిగెత్తి తడికకి చెవి ఆనించాను.

'ఎవరూ?' అని లోపలినుంచి గుసగుస.

'నేనండీ బావగారూ, చిన్నదాన్ని.'

'ఇక్కడ ఏదో ఉంది మరదలా. మోకాలి మీద తన్నింది. నేను దూలం పట్టుకుని వేలాడుతున్నాను.'

'ఏదో కాదండీ, పుంజు. గట్టిగా మాట్లాడకండి, నాన్న వింటారు.'

'విననీ. వచ్చి పట్టుకుంటారు.' ఒక క్షణం ఆగి, 'వద్దొద్దు, విననివ్వకు' అన్నారు.

'అసలు మీరందులోకి ఎందుకెళ్లారండీ?'

 తడిక సందులోనుంచి సిగరెట్టు వాసన వచ్చింది. కొత్తల్లుడు మామగారి ఇంట్లో, మామగారు ఉండగా సిగరెట్టు కాల్చడమన్నది ఆ రోజుల్లో ఊహకు అందని విషయం. 'గాలి కోసం' అన్నారు బావ.

'పిడకల పాకలోనా?'

'మరి పుంజునెందుకు పెట్టారు ఇందులో?'

'దానికీ గాలి కోసమేనండీ.'

 మళ్లీ రెక్కల చప్పుడు. 'ఇది నా చొక్కా వంకే చూస్తోంది' అన్నారు దీనంగా.

'ఆ బొత్తాలు మెరుస్తున్నాయండీ. చెయ్యి అడ్డం పెట్టుకోండి.'

'చేతులు దూలానికి ఉన్నాయి కదా మరదలా. పోనీ తలుపు తియ్యి, బయటికి దూకేస్తాను.'

'తీస్తే అది బయటికొస్తుందండీ. బయట నాన్న కత్తితో ఉన్నారు.'

'ఎవరికోసం?' అన్నారు బావ. అప్పటి ఆ గొంతులో కంగారు తల్చుకుంటే నాకు ఇప్పటికీ జాలి వేస్తుంది. పుంజు కోసమేనని, అది ఆయన గౌరవార్థమేనని, అత్త కబురుతో సహా తడిక సందులోంచి నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆయన దూలానికి వేలాడుతూ అంతా విన్నారు. 'అంటే నేను తినకపోతే ఇది బతుకుతుందా?' అన్నారు. 'అవునండీ.' 'నాకు దీన్ని తినాలని అంత గట్టిగా ఏమీ లేదు' అంటూనే, గొంతు మారిపోయి, 'మరదలా, కింద ఇంకోటి జరుగుతోంది' అన్నారు.

సిగరెట్టు ఎప్పుడో జారి పిడకల మీద పడింది. పిడకలు నెమ్మదిగా, ఏమీ ఎరగనట్టు, రాజుకుంటున్నాయి. మాఘమాసం, అంతా ఎండిపోయి ఉంది. పాక పక్కనే గడ్డివామి, దాని పక్కన పశువుల కొట్టం, ఆ పక్కన వరసగా తాటాకు ఇళ్లు. అప్పటిదాకా నేను భయాలనుకున్నవన్నీ ఒక్కసారిగా చిన్నవైపోయాయి. అంత భయం నేనెప్పుడూ పడలేదు. విచిత్రం ఏమిటంటే ఆ భయమే నన్ను తడిక తీయించి లోపలికి తోసింది. చేట లేదు, గోనె లేదు. పుంజు నా మీదికే ఎగిరింది. నేను ముందురోజు పట్టుకున్నట్టే రెక్కలు రెండూ దగ్గరికి అదిమి ఓణీలో చుట్టేశాను. బావ దూలం వదిలి దూకి, కొత్త చెప్పులతో నిప్పు తొక్కడం మొదలుపెట్టారు. చాలకపోతే కొట్టం దగ్గరున్న కుడితి బాల్చీ తెచ్చి కుమ్మరించారు. సగం పిడకల మీద పడింది, మిగతా సగం ఆయన మీదే పడింది. పొగ తగ్గింది. ఇద్దరం ఆయాసపడుతూ వెనక్కి తిరిగాం.

గుమ్మంలో నాన్న.

ఆ ఒక్కసారి ఆయన దగ్గకుండా వచ్చారు, పొగ చూసి పరిగెత్తుకొచ్చి ఉంటారు. చేతిలో కత్తి ఉంది. ఆయన చూపు ముందు బావ మీద పడింది: నెత్తిన తవుడు, ఒక వైపు కాలిపోయిన బెల్‌బాటం, రెండో వైపు తాసీల్దారు చీల్చిన బెల్‌బాటం. తర్వాత నేల మీద నానుతున్న సిగరెట్టు పెట్టె మీద పడింది. అక్కణ్ణించి నా మీదికి వచ్చి, నా ఓణీలోంచి తల బయటపెట్టి ఆయన్నే చూస్తున్న తాసీల్దారు దగ్గర ఆగింది.   నాన్న గట్టిగా అరిస్తే బాగుండుననిపించింది.

నాన్న అరవలేదు. ఆయన మొహంలో ఏదో లెక్క జరుగుతోంది. నాకు లెక్కలు తెలుసు గనక నేనూ వెంటే చేశాను. అల్లుడు సిగరెట్టు కాల్చడం మామగారు చూడకూడదు, చూస్తే ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు. సిగరెట్టు చూడలేదనాలంటే పిడకల పాకలోకి తొంగి చూడలేదనాలి. పాకే చూడకపోతే పాకలోని పుంజును చూసే దారి లేదు. నాన్న మెల్లగా మొహం గడ్డివామి వైపు తిప్పారు. 'ఈ ఏడు గడ్డి బాగానే ఉంది' అన్నారు, వామితో అన్నట్టుగా. అలాగే వెనక్కి నడిచి, నూతిదాకా వెళ్లి, అక్కడ నిలబడి గట్టిగా దగ్గారు. ఆ తర్వాత ఇల్లంతా వినపడేలా, 'ఏమే, పుంజెక్కడా కనపడట్లేదు. బావురుపిల్లి పట్టుకుపోయినట్టుంది. కాలవ దగ్గరికి కబురు పెట్టు, కొర్రమేను దొరుకుతుందేమో' అన్నారు.

మధ్యాహ్నం కొర్రమేను పులుసు పెట్టి బావకి భోజనం. బావ నాన్న పంచె కట్టుకుని కూర్చున్నారు (పంటానికి ఏమైందని ఎవరూ అడగలేదు, అక్క కూడా). నాన్న పక్కన కూర్చుని మర్యాదగా, 'బావురుపిల్లుల బెడద ఎక్కువైపోయిందండీ ఈ మధ్య' అన్నారు. 'అవునండీ మామగారూ, మా చిలకలపూడిలో కూడా విన్నాను' అన్నారు బావ తలెత్తకుండా. సరిగ్గా అప్పుడు పిడకల పాకలోంచి, పొగ వదిలిన గొంతుతో, ఇంతకుముందు ఏ పుంజూ కూయనంత స్పష్టంగా ఒక కూత. బావ చేతిలో ముద్ద ఆగిపోయింది. అమ్మ గరిటె ఆగిపోయింది. నాన్న పులుసు కలుపుకుంటూ, అదే గొంతుతో, 'పక్కింటిది' అన్నారు.

నేను కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తాను.

బావా అక్కా బందరు వెళ్లాక తాసీల్దారు మళ్లీ పెరట్లో తనిఖీకి బయల్దేరింది. నాన్న గొడుగు విప్పుకుని దాని పక్కనుంచే వెళ్లేవారు గాని దాన్ని చూసేవారు కాదు. పెట్ట పొదుగుకి కూర్చుంది. గంపలో గడ్డి వేసి, ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా ఒక ఇనపముక్క, బొగ్గు, ఎండుమిరపకాయలు పెట్టి పొదగేశాం. ఇరవై ఒక్క రోజులూ నేను మబ్బు కనపడితే ఆకాశం వంక, కనపడకపోతే గంప వంక చూస్తూ గడిపాను. పదకొండు పెడితే తొమ్మిది లేచాయి. అత్త చైత్రం చివర వచ్చింది. ఒక్కొక్క పిల్లనీ చేతిలోకి తీసుకుని కాళ్లూ, రొమ్ము ఎముకా తడిమి చూసింది. రెండిట్ని పక్కన పెట్టి, 'ఇవి కూరకి' అంది. జాలి పడలేదు. మిగిలిన ఏడింటినీ కొంగులో పోసుకుని చాలాసేపు ఊరికే కూర్చుంది. ఆ రోజు గాలి బాగా వీచింది. అత్త లేచి నిలబడలేదు.

తాసీల్దారుని కూడా తీసుకెళ్తానంది, పెట్టని మాకు వదిలేసి. పిల్లలు ఒక గంపలో, అది ఒక గంపలో, పైన వల. బస్సు దగ్గరికి బరువైన గంప నాన్నే మోశారు. 'ఇంత బరువుందేంటే ఇది?' అన్నారు అత్తతో. 'పిల్లలు అన్నయ్యా, బాగా తిన్నాయి' అంది అత్త. (అమ్మ ఆవిడకి అంతా చెప్పేసింది.) రోడ్డు మీద, పక్కిల్లన్నదే లేని చోట, చుట్టూ పొలాలు తప్ప ఏమీ లేనిచోట, నాన్న నెత్తి మీద గంప కూసింది. నాన్న ఆగారు. అటు చూశారు, ఇటు చూశారు. అనడానికి ఏమీ దొరకలేదు. దగ్గబోయారు, అదీ రాలేదు. నేను కొంగు కోసం వెతుక్కున్నాను గాని ఆలస్యమైపోయింది. నవ్వు వచ్చేసింది, పైకి, గట్టిగా, నాన్న ఉండగానే. భయపడుతూ ఆయన వంక చూశాను. గంప నెత్తి మీద ఊగుతోంది, ఆయన భుజాలు కదులుతున్నాయి. నాన్న ఆపుకోలేక నవ్వడం నేను చూడడం అదే మొదలు, అదీ వెనకనుంచి.

ఇప్పుడు నన్ను భయపెట్టేవాళ్లంటూ ఎవరూ లేరు. నేను వస్తున్నానంటే మా మనవరాలు పుస్తకం తీస్తుంది. గది గుమ్మం ముందు నేనే ఒకసారి దగ్గి లోపలికి వెళ్తున్నానని ఈమధ్యే గమనించాను. కాని మా వీధి చివర ఎవరో ఒక ఎర్ర పుంజును పెంచుతున్నారు. అది మెడ నిక్కించి ఎదురొస్తే ఈ వయసులో కూడా నేను చేతిసంచి మోకాళ్లకు అడ్డం పెట్టుకుని గోడ వారగా నడుస్తాను. అది నన్ను చూసి ఆగుతుంది. దాని గుండె ఎలా కొట్టుకుంటోందో నాకు తెలుసు. 'పోవే, నేను నిన్ను చూడలేదులే' అని చెప్పి తప్పుకుంటాను.